రెండు బుట్టల చోటు



పొద్దున్నే గుమ్మం ముందు గంప దించిన కూరలమ్మితో మనం బేరమాడతాం. తూచాక గుప్పెడు కొసరు వెయ్యమంటాం, కరివేపాకు రెబ్బ ఊరికే అడుగుతాం. బేరం తప్పని నేననను. ఇల్లు గడుపుకునేవాళ్ళం, ఆడక తప్పదు. కాని ఆ గంపలో సరుకు కొనడానికి తెల్లవారుజామున ఆమె చేతికి డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో మనం అడగం. అహమ్మదాబాదులో న్యాయశాస్త్రం చదివిన ఒకావిడ అడిగారు. ఆవిడే ఇలా భట్. గుజరాతీలు ఇలాబెన్ అని పిలుచుకుంటారు. బెన్ అంటే మన అక్క అన్నమాట.

పాత అహమ్మదాబాదు నడిబొడ్డున మానెక్ చౌక్ అని ఒక బజారుంది. పగలు వెండి బంగారాల వ్యాపారం, రాత్రయితే తినుబండారాల సందడి. అక్కడే నేలమీద గంపలు పెట్టుకుని కూరలమ్మే ఆడవాళ్ళున్నారు. కొందరి అత్తలూ, ఆ అత్తల అత్తలూ కూడా అక్కడే కూర్చుని అమ్మినవాళ్ళు. అయినా మునిసిపాలిటీ లెక్కలో వాళ్ళు దారికి అడ్డం. పోలీసులొస్తే గంప ఎత్తాలి, లేదా జరిమానా కట్టాలి, మామూళ్ళు సరేసరి. పెట్టుబడి సంగతి చూడండి. పొద్దున 50 రూపాయలు అప్పు తెస్తే సాయంత్రానికి 55 ఇచ్చెయ్యాలి. నూటికి పది వడ్డీ, నెలకీ ఏడాదికీ కాదండీ, ఒక్క పూటకి!

ఇలాబెన్ 1933లో పుట్టారు. 1955లో అక్కడి మిల్లు కార్మికుల సంఘంలో న్యాయ విభాగంలో చేరారు. 1960ల చివర కొన్ని మిల్లులు మూతపడ్డప్పుడు ఆ ఇళ్ళకి వెళ్ళి చూస్తే, ఉద్యోగం పోయిన మగవాడు ఇంట్లో ఉన్నాడు, భార్య కూరలో పాతబట్టలో అమ్మి పిల్లలకి అన్నం పెడుతోంది. ఆవిడ దృష్టి అక్కణ్ణించి మళ్ళింది.

1971లో బట్టల బజారులో మూటలు మోసే ఆడవాళ్ళు ఆవిడ దగ్గర మొర పెట్టుకున్నారు. ఇలాబెన్ పత్రికలో రాశారు. వర్తకులు ఊరుకుంటారా? మేం న్యాయంగానే ఇస్తున్నాం, ఇవీ మా రేట్లు అని వాళ్ళూ పత్రికకెక్కారు. ఆవిడ ఆ రేట్లనే కార్డుల మీద అచ్చువేయించి కూలీల చేతుల్లో పెట్టారు. ఇక వర్తకులు కాదనగలరా? ఆ తెలివి నాకు భలే నచ్చుతుంది.

ఆ ఆడవాళ్ళతోనే ‘సేవ’ సంఘం పుట్టింది. రిజిస్టరు చెయ్యబోతే ప్రభుత్వంవారికో సందేహం: మీకు యజమానే లేడు, ఇంక సంఘం ఎవరితో పోరాడడానికి? సంఘం పోరాడడానికే కాదు, కలిసి నిలబడడానికి కూడా అని ఒప్పించి 1972లో రిజిస్టరు చేయించారు. 1974లో నాలుగువేలమంది తలా 10 రూపాయలు వేసుకుని సొంత బ్యాంకు పెట్టుకున్నారు. స్థాపక సభ్యులు సంతకాలు చెయ్యాలి, చాలామందికి అక్షరం రాదు. రాత్రంతా కూర్చుని పేర్లు రాయడం నేర్చుకుని మర్నాడు సంతకాలు పెట్టి వచ్చారు. ఖాతా పుస్తకంలో ఎవరిది వారి ఫొటో, ఖాతా నెంబరు రాసిన పలక పట్టుకుని.

డబ్బు చిక్కు కొంత తీరింది గాని, కూర్చునే చోటు చిక్కు తీరలేదు. మానెక్ చౌక్ నించి లేవగొడితే 1980లో వాళ్ళు తిరిగొచ్చి సత్యాగ్రహం చేశారు. తరవాత సుప్రీంకోర్టుకెక్కారు. వాళ్ళడిగింది దుకాణాలు కాదు, మేడలు కాదు. రెండు బుట్టలు పట్టే చోటు. కోర్టు వాళ్ళ మాట వింది. లైసెన్సులకి దారి పడింది. అంతటితో లాఠీలు ఆగాయనుకునేరు, ఆగలేదు. ఊరు పెరిగింది, కార్లు పెరిగాయి, వాటిని నిలిపే చోటు కావలసివచ్చింది. తరాలుగా కూర్చున్న గంప అడ్డమైంది, నిన్న కొన్న కారు కాలేదు. ఇలాబెన్ వాదమంతా ఇక్కడే: ఊరికి ఆ ఆడవాళ్ళు బరువు కాదు, ఊళ్ళో పొయ్యిలన్నిటికీ కూర అందించేది వాళ్ళే.

ఆవిడ రాజ్యసభలో ఉన్నారు, స్వయం ఉపాధి స్త్రీల జాతీయ కమిషన్‌కి అధ్యక్షత వహించి 1988లో ‘శ్రమశక్తి’ నివేదిక ఇచ్చారు. మాగ్‌సేసే అవార్డు 1977లోనే వచ్చింది. 2022 నవంబరులో అహమ్మదాబాదులో కన్నుమూశారు.

వీధి వ్యాపారుల చట్టం దేశమంతటికీ వచ్చేసరికి 2014 అయింది. అప్పటికి ఆవిడకి ఎనభై ఏళ్ళు. ఆ చట్టం ప్రకారం ఎక్కడ అమ్మాలో తేల్చే పట్టణ కమిటీలో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా వీధిలో అమ్ముకునేవాళ్ళే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. మీ ఊరి కమిటీలో ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారో, ఈసారి కూరలమ్మినే అడిగి చూడండి.