కుండీలో కూర్చున్న కుంపిణీ కథ

ముళ్ళమొక్క ఇంట్లో ఉంటే కలహాలు వస్తాయనేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. కలహాల సంగతి నాకు తెలియదు గాని, ఈ మొక్క వెనక ఒక పెద్ద వ్యాపారపు పేచీ మాత్రం ఉంది. మా వంటింటి కిటికీలో, కాఫీగ్లాసంత కుండీలో బుద్ధిగా కూర్చున్న కాక్టస్‌ని చూసినప్పుడల్లా నాకు ఆ కథే జ్ఞాపకం వస్తుంది.

కాక్టస్ జాతికి పుట్టిల్లు అమెరికా ఖండం. మన పొలంగట్ల మీది నాగజెముడు కూడా ఈ ఇంటి ఆడపడుచు కాదండీ, అక్కణ్ణించి వచ్చి స్థిరపడ్డ కోడలే! మెక్సికోలో దానిమీద బతికే ఒక చిన్న పురుగును ఎండబెట్టి, నూరి, అద్దకాలకు మేలైన ఎరుపు తీసేవారు. ఎండిన పురుగులు ఒక పౌను తూగాలంటే సుమారు 70 వేలు కావాలి. ఆ వ్యాపారమంతా స్పెయిన్ గుప్పిట్లో ఉండేది. ఇంగ్లీషు కుంపిణీవారికి అది కంటగింపయింది.

18వ శతాబ్దం చివర జేమ్స్ ఆండర్సన్ అనే కుంపిణీ వైద్యుడు మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోటే వేయించాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ బ్రెజిల్ నుంచి పురుగుల్ని కలకత్తాకు తెచ్చాడు. తీరా చూస్తే అవి నాసిరకం. రంగు పలచన, ఆకలి మాత్రం ఘనం! తమకు ఆశ్రయమిచ్చిన మొక్కల్నే పీల్చి చంపేశాయి.

ఆ పురుగు ముట్టని మరోరకం నాగజెముడు మాత్రం దక్షిణాదిన బీళ్ళూ గట్లూ ఆక్రమించింది. చివరికి 1926లో సింహళం నుంచి ఇంకో జాతి పురుగును తెప్పించి వదిలితే, అయిదారేళ్ళలో సుమారు లక్ష ఎకరాలకు దాని పీడ విరగడైంది.

ఇంత మొండిదానికి ఇంట్లో ప్రాణం ఎందుకు పోతుందంటారా? మన అతిప్రేమ వల్ల! ఎండకు తడి ఆరిపోకుండా తన సూక్ష్మరంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరిచే పొదుపరి అది. దానికి రోజూ నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. కుండీ అడుగున చిల్లు, మట్టిలో సగం ముతక ఇసుక, రోజుకు కొన్ని గంటల ఎండ ఉంటే చాలు. మట్టి పూర్తిగా ఆరాకనే నీళ్ళు. వానాకాలంలో చూరు కిందికి జరపండి. ముళ్ళ మధ్య దూదిపింజలా తెల్లగా కనిపిస్తే అది పిండినల్లి, కుంపిణీవారి పురుగుకు దూరపు చుట్టం. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయండి.

ఒక్క మనవి. విసుగొచ్చినప్పుడు నాగజెముడు ముక్కను పక్క ఖాళీస్థలంలోకి విసరకండి. విరిగిన ముక్క పడ్డచోటే వేరు పట్టేస్తుంది. కుంపిణీ కాలపు సరదాను వదిలించుకోడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. మన సరదాను కుండీ దాటనివ్వకపోతే అంతే చాలు.