ఉదయగిరి కొండ మీది బాగ్

మా ఆపా కొడుకు బెంగళూరులో ఉంటాడు. మొన్న ఫోన్ చేసి, "మామూ, చలికాలం సెలవుల్లో అందరం కలిసి ఎక్కడికైనా పోదాం. కొండ ఉండాలి, పండ్ల తోట ఉండాలి, పిల్లలు చెట్టు మీంచి కోసుకుని తినాలి" అన్నాడు. వాడు పంపిన ఫోటోలన్నీ కూర్గువీ కొడైకెనాల్‌వీ. ఒక్క రాత్రికి వాళ్లు అడిగే కిరాయి చూస్తే మా అబ్బా నెల తన్ఖా గుర్తొచ్చింది.

"కొండ మీద బాగ్ మన నెల్లూరు జిల్లాలోనే ఉందిరా. ఉదయగిరి కిల్లా మీద. మూడున్నర వందల ఏళ్ల కిందటిది" అన్నాను.

"అచ్ఛా! ఇప్పుడు పండ్లున్నాయా?"

అక్కడ దొరికిపోయాను. షేక్ హుసేన్ నాటిన చెట్టు ఒక్కటైనా ఇవాళ నిలిచి ఉంటుందని నేను మాటివ్వలేను. అయినా పోదామనే నియ్యత్ చేసుకున్నాను. ఎందుకో చెప్తాను.

ఉదయగిరి దుర్గం ఎత్తు మూడువేల అడుగుల పైచిలుకు. పాత గెజెటీర్ల లెక్కన ఒకప్పుడు అక్కడ ఒకటి కాదు, 13 కిల్లాలు ఉండేవి. కొండ మీద 8, కింద 5. కొన్నిచోట్ల బండ నిట్టనిలువుగా వెయ్యి అడుగుల దాకా లేస్తుంది, మనిషి ఎక్కే దారే లేదు. ఉన్న దారుల మీదేమో బురుజుల నుంచి కాపలా. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గం పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి దాదాపు ఏడాదిన్నర ముట్టడి అవసరమైంది. 1514లో గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దానికోసం అక్కడ గుడి కట్టించాడు. మన స్కూలు పుస్తకాల్లో ఉదయగిరి తారీఖ్ దాదాపు అక్కడితో ఖతం.

తర్వాత కుతుబ్ షాహీల జమానా. అబ్దుల్లా కుతుబ్ షా (1626–1672) హుకూమత్‌లో మీర్ జుమ్లా ఫౌజు కర్ణాటకం వైపు దిగింది. మీర్ జుమ్లా ఇరాన్ నుంచి వచ్చినవాడు, వజ్రాల వ్యాపారి, తర్వాత వజీరు. ఆ దండయాత్రలోనే ఉదయగిరి గోల్కొండ వశమైంది. దాని నిశానీలుగా కొండ మీద మసీదులున్నాయి, వాటికి పార్సీ కత్బాలు, అంటే శిలాశాసనాలు ఉన్నాయి.

ఇక్కడ మనసు కొంచెం గట్టి చేసుకోవాలి. ఒక కత్బా 1642–43 నాటిది. అబ్దుల్లా కుతుబ్ షా తరఫున కిల్లా గెలిచిన గాజీ అలీ గుడిని పడగొట్టి, విగ్రహాన్ని కాల్చి, మసీదు కట్టాడని అది ఫఖర్‌గా చెబుతుంది. ఇంకో కత్బా అదే సుల్తాను జమానాదే. షేక్ హుసేన్ అనే ఆయన మసీదు కట్టి, దాంతోపాటు ఒక బాగ్ నాటాడని చెబుతుంది.

ఉదయగిరి గురించి రాసే మనవాళ్లు రెండో కత్బా చదివి వినిపిస్తారు, మొదటిది మింగేస్తారు. మనమంటే పడనివాళ్లు మొదటిదే చదువుతారు, రెండోదాని ఊసెత్తరు. మా అమ్మీ కూడా అంది, "బచ్చోంకు బాగ్ గురించి చెప్పు చాలు, ఆ గొడవ ఎందుకు" అని. అమ్మీ మాట కాదనడం నాకు ఆదత్ లేదు. కానీ ఇది సుల్తానుల పట్ల బేఅద్బీ అవుతుందేమోనని నాకు భయం లేదు. వాళ్లు మన పీర్లు కాదు, బాద్షాలు. ఇదే ఖాందాన్‌లో ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. ఇదే ఖాందాన్ పేరు మీద గాజీ అలీ ఇక్కడ గుడి కూల్చాడు. రెండూ జరిగినవే. ఒకదాన్ని తెచ్చి రెండోదాని మీద పరదా వేస్తే అది తారీఖ్ కాదు, వకాలత్.

ఇక బాగ్ సంగతి. అసలు నన్ను పట్టుకున్నది అదే.

ముట్టడికి భయపడే కిల్లాలో నీళ్లు అంటే జాన్. పైన పడిన వానే కోనేళ్లలో నిలవాలి. మనుషులు, గుర్రాలు, మందుగుండు పని, వంట, వుజూ, అన్నీ ఆ నీళ్లతోనే. నెల్లూరు జిల్లాకు వాన ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సముద్రం వైపు కురిసినంత పడమటి తాలూకాల్లో కురవదు. ఎండాకాలం ఉదయగిరిలో బిందెల లైను చూసినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. అలాంటి చోట, మూడువేల అడుగుల పైన, ఒక మనిషి చెట్లకు నీళ్లు పంచాడు. అదీ ఒకనాటితో అయ్యే పని కాదు. మామిడే అనుకోండి, టెంకె నాటితే కాయ చూడ్డానికి ఆరేళ్లు, ఎనిమిదేళ్లు. అన్నాళ్లూ ఎండాకాలంలో చెట్టు పాదుకు కుండెడు నీళ్లు పోయాలి. రేపు శత్రువు వస్తాడనుకునేవాడు ఆ నీళ్లు పొయ్యడు. షేక్ హుసేన్ ఇక యుద్ధం రాదని యకీన్ పెట్టుకున్నాడు. గాజీ అలీ గెలిచాడు, షేక్ హుసేన్ కాపురం పెట్టాడు. చెట్టు నాటితే దాని పండు తిన్న మనిషీ పక్షీ సదఖా కింద లెక్క అని మనకు చిన్నప్పుడే నేర్పించారు కదా. ఆయనకూ ఎవరో నేర్పే ఉంటారు.

ఆయన యకీన్ ఎన్నాళ్లు నిలిచిందో కూడా చెప్పుకోవాలి. 1687లో ఔరంగజేబు గోల్కొండను మింగేశాడు. కిల్లా మొగలులకు, తర్వాత ఆర్కాటు నవాబుల కిందికి, వాళ్ల నుంచి ఒక జాగీర్దారు ఖాందాన్‌కు పోయింది. ఆఖరి జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్. 1839లో కంపెనీ సర్కారు బగావత్ సాజిష్ పేరుతో హైదరాబాద్‌లో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను గోల్కొండలో ఖైదు చేయించింది, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది. ఆ వరసలోనే అబ్బాస్ అలీ ఖాన్‌ను పట్టుకుని చెంగల్పట్టులో పెట్టారు, జాగీరు జప్తు చేశారు. కంపెనీకి కొండ మీద కిల్లాతో పనేముంది? జాగీరు పోయాక పైకి ఎక్కి పాదులు తీసే నౌకరుకు తన్ఖా ఇచ్చేదెవరు? బాగ్‌ను ఎవరూ నరికి ఉండనక్కర్లేదు. నీళ్లు పొయ్యకపోతే చాలు.

ఊళ్లో మాత్రం కొండ చెట్టుతో బతుకు ఇంకా ఉంది. ఉదయగిరి చెక్క గరిటెలు, చెమ్చాలు, ఫోర్కులు తెలుసు కదా, జీఐ గుర్తింపు వచ్చింది వాటికి. నర్ది, బిక్కి లాంటి చెక్కతో చేస్తారు. చేసేవాళ్లలో మన ఆడవాళ్లు చాలామంది. మా బేగం ఈ సఫర్‌కు ఒప్పుకున్నది కత్బాల కోసం కాదు, ఆ చెమ్చాల కోసం.

ప్లాను ఇది. వానలు వెలిసి గడ్డి పచ్చగా ఉండే డిసెంబరు ఆఖరు. నెల్లూరు నుంచి గురువారం బయలుదేరి ఆత్మకూరు. అక్కడ మార్కెట్లో జామకాయలు, సపోటాలు కొనుక్కోవాలి, చెట్టు మీంచి కోసుకోవడం కుదరకపోయినా పిల్లలు పండ్లు తినాలి కదా. అక్కణ్ణుంచి ఏ.ఎస్.పేట. ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గాలో జియారత్, ఫాతెహా, రాత్రి అక్కడే. జుమ్మా నాడు ఉదయగిరిలో నమాజు చేసుకుని ఊరు చూడటం. శనివారం ఫజర్ కాగానే కొండ. తోవ తెలిసిన ఊరి మనిషి ఒకరు ముందుండాలి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. అమ్మీ, చిన్నపిల్లలు కిందే ఉంటారు.

ఒక్కటి తేలలేదు. మాతో నా పాత దోస్తు, రిటైరైన తెలుగు మాస్టారు వస్తానన్నారు. విష్ణుభక్తుడు, ఆముక్తమాల్యద నోటికి వచ్చు. ఆయన పక్కన నిలబడి గాజీ అలీ కత్బా చదవాలంటే నోరు పెగులుతుందా? నా పార్సీ అంతంతమాత్రం, ఆ వంకతో దాటెయ్యొచ్చు కూడా. నాలుగు రోజులు నలిగి, చివరికి ఫోన్లోనే మొత్తం చెప్పేశాను. గుడి, విగ్రహం, అన్నీ.

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నాకు తెలుసండీ. మీరెప్పుడు చెప్తారా అని చూస్తున్నా" అన్నారు. "ఆ తోట శాసనం ఎక్కడుంది, పైదాకా ఎక్కాలా? మోకాళ్లు చూసుకోవాలి."

పైదాకా ఎక్కాలన్నాను. అయితే ఇప్పట్నుంచే పొద్దున నడక మొదలుపెడతానన్నారు.