వాసన పట్టే కొలువు

1781లో ప్రష్యా రాజ్యంలో ఒక వింత ఉద్యోగం పుట్టింది. చదువు అక్కర్లేదు, ముక్కు చురుగ్గా ఉంటే చాలు. బెర్లిన్ వీధుల్లో తిరుగుతూ ఏ ఇంట్లోంచి కాఫీ గింజలు వేయించే వాసన వస్తోందో పసిగట్టాలి. ఆ తలుపు తట్టి లోపలికెళ్లి, పెనం మీద ఉన్న సరుకును పట్టుకోవాలి. ఈ కొలువులో చేరినవాళ్లలో ఎక్కువమంది ఏడేళ్ల యుద్ధంలో దెబ్బతిని ఇంటికొచ్చిన పాత సైనికులు. దాదాపు 400 మంది ఉండేవారని చెబుతారు. జనం వాళ్లను ‘కాఫీ వాసన చూసేవాళ్లు’ అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం ఏమాత్రం లేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎక్కడో బెర్లిన్ గొడవ అనుకోవడానికి లేదు. తెనాలిలోనో రాజమండ్రిలోనో పొద్దున్నే ఫిల్టర్‌లోంచి దిగే నల్లటి చిక్కటి డికాషన్‌లో కాఫీతో పాటు ఇంకో పదార్థం కూడా ఉంటుంది. దాని పేరు చికోరీ. అది కాఫీకి తోడు వచ్చిన కథ ఈ ముక్కుల కాలంలోనే మొదలైంది.

అంతకు ముందు కథ చాలామందికి తెలిసిందే. ఇథియోపియా అడవుల్లో పుట్టిన మొక్క, యెమెన్ సూఫీలు రాత్రి ధ్యానాల్లో నిద్ర రాకుండా తాగిన పానీయం, ఇస్తాంబుల్ కాఫీ కొట్లు. పచ్చి గింజ బయటికెళ్తే పరాయి నేలలో మొలకెత్తుతుందని, వేయించినవో ఉడికించినవో తప్ప యెమెన్ బయటికి పోనిచ్చేది కాదంటారు. 17వ శతాబ్దంలో బాబా బుడాన్ అనే ఫకీరు హజ్ యాత్ర నుంచి తిరిగొస్తూ ఏడు పచ్చి గింజలు రహస్యంగా తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్నది కన్నడ దేశపు ఐతిహ్యం. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే. యెమెన్‌కు పచ్చి గింజ బయటికి పోవడం ఇష్టం లేదు. ప్రష్యా రాజుకు పచ్చి గింజ వేగడం ఇష్టం లేదు. రెండు రాజ్యాల భయమూ ఆ ఒక్క గింజ చుట్టూనే తిరిగింది.

ఆ రాజు రెండో ఫ్రెడరిక్. చరిత్రలో ‘మహా’ అని బిరుదున్నవాడు. వేణువు వాయించాడు, వోల్టేర్‌తో స్నేహం చేశాడు, యుద్ధాలు గెలిచాడు. కాఫీ కూడా తాగాడు. ఇబ్బందల్లా అతని ప్రజలు కూడా తాగడం మొదలుపెట్టడంతో వచ్చింది. ప్రష్యాకు సముద్రాల అవతల వలస రాజ్యాలు లేవు. కాఫీ కావాలంటే డచ్చివాళ్ల దగ్గరో ఫ్రెంచివాళ్ల దగ్గరో వెండి పోసి కొనాలి. యుద్ధంతో ఖాళీ అయిన ఖజానాకు అది పుండు మీద కారం. పైగా స్థానికంగా కాచే బీరు అమ్మకాలు, దాని మీద వచ్చే పన్నూ తగ్గుతాయన్న దిగులు ఒకటి. అందుకే 1777 సెప్టెంబరులో రాజుగారు ఒక ప్రకటన చేశారు. తానూ తన పూర్వీకులూ బీరు తాగే పెరిగామని, బీరు తాగిన సైనికులే తన యుద్ధాలు గెలిచారని అందులోని సారాంశం. జనం ఆ ప్రకటన విన్నారు, కాఫీ మాత్రం మానలేదు.

సలహాతో లొంగనివాళ్లను చట్టంతో లొంగదీయాలి. 1781లో వచ్చిన చట్టం తాగడాన్ని నిషేధించలేదు, వేయించడాన్ని నిషేధించింది. ఆ తెలివికి ముచ్చటపడాల్సిందే. పచ్చి కాఫీ గింజకు కాఫీ వాసన ఉండదు. గడ్డి వాసనో ఎండు బఠానీ వాసనో వేస్తుంది. దాన్ని గోనెలో దాచొచ్చు, అటక మీద పెట్టొచ్చు. ఎంత దాచినా దాన్ని తాగాలంటే మాత్రం వేయించి తీరాలి. పెనం వేడెక్కి గింజ గోధుమరంగు తిరిగేసరికి సంగతి వీధివీధంతా తెలిసిపోతుంది. సారా బట్టీని ఊరి చివర తోపులో పెట్టుకోవచ్చు గానీ కాఫీ పెనాన్ని దాచే చోటు భూమ్మీద లేదు. పన్ను వసూలుకు అంతకన్నా అనువైన సరుకు ఏముంటుంది?

ఇంట్లో వేయించుకునే లైసెన్సు దొరలకూ సైనికాధికారులకూ మతగురువులకూ దొరికేది. మిగతావాళ్లు ప్రభుత్వం వేయించి డబ్బాల్లో పెట్టి అమ్మే పొడినే ఖరీదు ఇచ్చి కొనుక్కోవాలి. వాసన ఒకటే అయినా, లైసెన్సు ఉన్న ఇంట్లోంచి వస్తే సువాసన, లేని ఇంట్లోంచి వస్తే నేరం. ఈ పన్నుల శాఖను నడపడానికి రాజుగారు 1766లోనే ఫ్రెంచి అధికారులను పిలిపించుకున్నాడు. పరాయి దేశపు అధికారుల కింద పనిచేస్తూ పొరుగింటి వంటగదిలోకి ముక్కు దూర్చే పాత సైనికుడంటే జనానికి ఎంత మంట ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పాపం వాళ్ల వైపు నుంచి చూస్తే, దేశం కోసం దెబ్బలు తిన్నందుకు దొరికిన పింఛను అది. నూరేళ్లు గడిచాక కూడా ఆ జ్ఞాపకం చెదరలేదు. 19వ శతాబ్దం చివర్లో కాట్జెన్‌స్టైన్ అనే జర్మన్ చిత్రకారుడు ఈ వాసనగాళ్ల మీద ఒక వర్ణచిత్రమే వేశాడు. 1786లో ఫ్రెడరిక్ పోయాడు. మరుసటి ఏడే ఆ గుత్తాధిపత్యమూ పోయింది, ముక్కుల కొలువూ పోయింది.

పక్కనే ఉన్న శాక్సనీలో వరస వేరు. అక్కడి లైప్‌జిగ్‌లో, ఈ చట్టానికి దాదాపు 50 ఏళ్ల ముందు, సంగీతజ్ఞుడు బాఖ్ కాఫీ మీద ఒక హాస్య గేయరూపకం కట్టాడు. అందులో కాఫీ మానమని బెదిరించే తండ్రి, మానను గాక మానను అనే కూతురు ఉంటారు. గెలిచేది కూతురే. అయితే శాక్సనీలోనూ కాఫీ ఖరీదైనదే. పొదుపరి ఇల్లాళ్లు ఎంత పల్చగా కాచేవారంటే పింగాణీ కప్పు అడుగున వేసిన పువ్వు బొమ్మ కాఫీలోంచి కనబడేదట. దానికి ‘పువ్వు కాఫీ’ అనే పేరు స్థిరపడింది. మన దగ్గర నీళ్ల మజ్జిగ మీద ఎన్ని జోకులున్నాయో అక్కడ దాని మీద అన్ని.

గింజ అందని ఇళ్లలో దాని బదులు ఏదో ఒకటి వేగింది. బార్లీ వేయించారు, రై వేయించారు, ఓక్ చెట్టు కాయలు వేయించారు. అన్నిట్లోకీ నిలబడింది చికోరీ. యూరప్ దారుల పక్కన నీలిపూలు పూసే మామూలు మొక్క అది. దాని వేరు ముల్లంగిలా లావుగా ఊరుతుంది. తవ్వి, ముక్కలు కోసి, ఎండబెట్టి వేయిస్తే అందులోని ఇన్యులిన్ అనే పిండిపదార్థం మాడు చక్కెరలా మారి ముదురు రంగు, చిరుచేదు, కాస్త తీపి ఇస్తుంది. కెఫీన్ బొత్తిగా ఉండదు. 1770 ప్రాంతంలో ఫాన్ హైనే అనే మేజరూ ఫోర్‌స్టర్ అనే అతనూ దీన్ని కార్ఖానాలో తయారుచేయడానికి ఫ్రెడరిక్ నుంచే అనుమతి తెచ్చుకున్నారు. అప్పటి చికోరీ పొట్లం మీద బొమ్మలో ఒక రైతు విత్తనాలు చల్లుతూ, దూరంగా కాఫీ మోసుకొచ్చే ఓడలను వెనక్కి పొమ్మని చెయ్యి ఊపుతుంటాడు. మీరు లేకుండానే మేం ఆరోగ్యంగా, సంపన్నంగా ఉంటామని దాని భావం. స్వదేశీ నినాదం మన దగ్గర పుట్టడానికి నూరేళ్ల ముందటి సంగతి ఇది.

ఆ తర్వాత చికోరీని ఊరూరా తిప్పింది నెపోలియన్. 1806లో ఇంగ్లండు సరుకు యూరప్ తీరం తాకకూడదని ఆయన బెర్లిన్‌లోనే శాసనం చేశాడు. దాంతో కాఫీ, చక్కెర కొండెక్కాయి. చక్కెర బదులు బీట్‌రూట్, కాఫీ బదులు చికోరీ వచ్చాయి. నెపోలియన్ పడిపోయాక ఓడలు తిరిగొచ్చాయి గానీ నాలుక వెనక్కి వెళ్లలేదు. ఉత్తర ఫ్రాన్స్‌లో ఈనాటికీ చికోరీ ఇష్టంగా తాగుతారు. ఫ్రెంచి వాసన ఉన్న అమెరికా నగరం న్యూ ఆర్లియన్స్‌లోనూ అంతే. అక్కడ అంతర్యుద్ధ కాలపు దిగ్బంధం ఆ అలవాటును మరింత గట్టిపరిచింది.

ఇంగ్లండులో మాత్రం చికోరీ దొంగతనంగా దూరింది. 1850లో ఆర్థికమంత్రి చార్లెస్ వుడ్, కాఫీలో చికోరీ కలిసిందో లేదో రసాయనశాస్త్రం చెప్పలేదని పార్లమెంటులో ప్రకటించాడు. ఆర్థర్ హిల్ హస్సాల్ అనే డాక్టరు ఆ మాట నిజమేనేమో చూద్దామని లండన్ కొట్లలో పొట్లాలు కొని మైక్రోస్కోపు కింద పెట్టాడు. వేరు కణానికీ గింజ కణానికీ పోలికే లేదు! కాఫీ పేరుతో అమ్మే పొడుల్లో చాలా భాగం చికోరీ అని తేలింది. అంతకన్నా నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆ చికోరీలోనూ కల్తీ ఉంది. దొంగను దొంగే దోచాడన్నమాట. ‘లాన్సెట్’ పత్రిక కల్తీ కొట్ల పేర్లు, చిరునామాలతో సహా అచ్చేసింది. 1860లో కల్తీ నిరోధక చట్టం రావడానికి ఈ పరిశోధనలే దారి వేశాయి. నేటి ఆహార తనిఖీ అధికారులందరికీ ఆ డాక్టరు ముత్తాతలాంటివాడు.

1876లో గ్లాస్గోలోని ప్యాటర్సన్ కంపెనీ కాఫీ, చికోరీ, చక్కెర కలిపిన చిక్కటి రసాన్ని ‘క్యాంప్’ పేరుతో సీసాల్లో పెట్టింది. ఇండియాలో గుడారాల్లో ఉండే స్కాట్లండు సైనికుల కోసమే దాన్ని చేశారని ఒక కథ ఉంది. సీసా మీద బొమ్మలో స్కాట్లండు సైనికుడు కూర్చుని కాఫీ తాగుతుంటే పక్కన సిక్కు పరిచారకుడు పళ్లెం పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఇన్ని దశాబ్దాల తర్వాత, 21వ శతాబ్దంలో, ఆ సిక్కు మనిషికి కూర్చునే భాగ్యం కలిగింది. ఇప్పటి బొమ్మలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తాగుతుంటారు.

మన దగ్గర చికోరీకి పని వేరు. ఫిల్టర్ కాఫీలో పాలదే పెద్ద వాటా. ఉత్త కాఫీ డికాషన్ పాలలో పడితే రంగు తేలిపోతుంది, రుచి పల్చబడుతుంది. చికోరీ నుంచి వేడినీళ్లలోకి దిగే సారం కాఫీ నుంచి దిగేదానికి సుమారు రెట్టింపు. అందుకే డికాషన్ చిక్కగా, నల్లగా వస్తుంది, పాలు పోసినా నిలబడుతుంది. కొద్ది గింజలతో ఎక్కువమందికి సరిపోతుంది కూడా. యూరప్‌లోని లేమి ఇక్కడ రుచిగా మారింది. గుజరాత్‌లోని జామ్‌నగర్, ఉత్తరప్రదేశ్‌లోని ఎటా ప్రాంతాలు ఈ వేరు పండిస్తాయి. అక్కడి రైతు పండించింది దక్షిణాది స్టీలు గ్లాసులోకి చేరుతుంది.

చికోరీ కలిపిందంటే ముక్కు చిట్లించే శుద్ధవాదులు ఇప్పుడు పెరిగారు. అందులో కొంత వేలంవెర్రే. నిజంగా పోయింది వేరే ఉంది. కాఫీ అలవాటున్న పాత ఇళ్లలో పచ్చి గింజలు కొనేవారు. అవి నెలల తరబడి చెడవు. కావలసినన్ని మూకుట్లోనో, పిడి తిప్పే డబ్బాలోనో వేయించి, చేతిమరలో ఆడించేవారు. 200 డిగ్రీల దగ్గర గింజ చిటపటలాడి పగులుతుంది. అది వినగానే దించడమా ఇంకాస్త ఉంచడమా అన్నది ఆ ఇంటి ఇల్లాలి తీర్పు. వేగిన గింజ వారాల్లో చప్పబడుతుంది, పొడి చేస్తే రోజుల్లోనే. ఆ తర్వాతి తరం కాఫీ పొడి కొట్టు ముందు నిలబడి పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఏ ఇంత, చికోరీ ఇంత అని చెప్పి వేడివేడి పొడి పట్టించుకుంది. ఇప్పుడు ఆ తీర్పూ ఆ వాటా కూడా ప్యాకెట్ వాడి చేతిలోకి వెళ్లాయి. ఫ్రెడరిక్ చట్టం చేసి సాధించలేని పని సౌకర్యం సునాయాసంగా చేసేసింది.

ఇంకో విడ్డూరం. ఏజెన్సీ కొండల్లో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య పండించే అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టు వెలిసింది, చికోరీ ఊసు లేకుండా. మన ఊళ్లలో పచ్చి అరకు గింజలు అడిగి కొని ఇంట్లో వేయించుకునేవాళ్లు ఇంకా అరుదే. అడిగేవాళ్లు పెరిగితే కొట్లవాళ్లు తప్పకుండా తెప్పిస్తారు.

మన ఆహార చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. నమ్మకం లేకపోతే గాజు గ్లాసులో చల్లటి నీళ్లు తీసుకుని పైన చెంచాడు పొడి చల్లండి. కాఫీ తేలుతుంది. చికోరీ గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగుతుంది. దిగింది మరీ ఎక్కువనిపిస్తే కొట్టు మార్చండి. ఆ రుచే మీకు ఇష్టమైతే దర్జాగా తాగండి, ప్యాకెట్ మీద అంకె మాత్రం చదివి కొనండి.