సంక్రాంతి సెలవుల తరవాత హాజరు పట్టీ



పండగ వెళ్ళిపోయింది. అరిసెల డబ్బాలో అడుగు కనబడుతోంది. యూనిఫారాలు ఇస్త్రీ చేసి, ఎక్కడో పడేసిన సాక్సులు వెతికి, పిల్లల్ని మళ్ళీ బడికి పంపే హడావుడి ఇంటింటా ఉన్నదే. మీకది పిల్లల్ని బయల్దేరదీసే రోజు. విశాఖపట్నం బళ్ళలో ముప్పై ఏళ్ళకు పైగా సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన నాకు మాత్రం అది లెక్క చూసుకునే రోజు. సెలవులకి ముందు బడిలో ఎంతమంది ఉన్నారు, తిరిగి ఎంతమంది వచ్చారు? ఈ ఊరి చరిత్ర కొంత ఆ లెక్కలోనే ఉందని నా నమ్మకం.

ఉత్తరాదిన చలికాలపు సెలవులు చలికి భయపడి ఇస్తారు. సముద్రం పక్కనున్న మన ఊళ్ళో పుష్యమాసంలో కూడా ఒక దుప్పటి చాలు. మన సెలవులు పంట ఇంటికొచ్చిన సంబరం కోసం. మిషన్ బళ్ళలో మాత్రం క్రిస్మస్‌కి ఎక్కువ రోజులూ, సంక్రాంతికి తక్కువ రోజులూ ఇస్తారు. మన ఊరి సెంట్ అలోషియస్ లాంటి బడి 1847 నాటిది కాబట్టి ఆ బళ్ళూ మనకి కొత్తవి కావు. ఏ బడి అయినా, జనవరిలో తలుపులు తెరిచాక టీచరు పని ఒకటే, పేర్లు పిలవడం.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. పల్లెకి వెళ్ళిన పిల్లలు రెండు మూడు రోజులు ఆలస్యంగా రావడం మామూలే. వారం దాటినా పలకని పేరు దగ్గరే కలం ఆగుతుంది.

పుష్యంలో పెళ్ళిళ్ళు చెయ్యరు కదా. మాఘం వస్తూనే ముహూర్తాలు మొదలు. పండక్కి చుట్టాలంతా ఒకచోట చేరినప్పుడు సంబంధాల మాటలు కూడా అక్కడే నడుస్తాయి. డిసెంబరులో రాసిన అర్ధసంవత్సర పరీక్షల పేపర్లు జనవరిలో పంచుతుంటే, తీసుకునే మనిషి లేక టేబిలు మీద మిగిలిపోయినవి చాలామటుకు ఆడపిల్లలవే. 1980ల్లో ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి కాళ్ళకి మట్టెలతో, లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది. లెక్కల పేపరు చూపించమంది. క్లాసంతటికీ తనదే మొదటి మార్కు. కాసేపు చూసుకుని, పేపరు నాలుగు మడతలు పెట్టి, "వెళ్ళొస్తానండీ టీచరుగారూ" అంది. అంతే.

ఈ కథ ఇప్పటిది కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. మొదటి కూర్పు ముందుమాటలో ఆయన ఒక పట్టిక సంగతి చెప్పారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి, అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కపు పెళ్ళిళ్ళు లెక్కగట్టించారట. మొత్తం 1,034 తేలాయి. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళ వాళ్ళు 44, మూడేళ్ళ వాళ్ళు 36, రెండేళ్ళ వాళ్ళు ఆరుగురు. ఏడాది పాపలు ముగ్గురు! ఆ పట్టిక పూర్తిది కూడా కాదని ఆయనే అన్నారు. బడి మొహం చూడకుండానే పేరు మారిపోయిన పిల్లల హాజరు పట్టీ అనుకోండి దాన్ని.

చట్టాలు వచ్చాయి. 1929 నాటి శారదా చట్టం ఆడపిల్లకి 14 ఏళ్ళు నిండాలంది. 1949లో 15 అయింది, 1978లో 18 అయింది. 2006 నాటి చట్టం, బాల్యంలో జరిగిన పెళ్ళిని కోర్టులో రద్దు చేయించుకునే వీలు ఇచ్చింది. ఏడాది పాప నించి 18 ఏళ్ళ దాకా రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. పట్టికలో ఉన్న 18 ఇంటి గడప లోపలికి వచ్చిందా అన్నది మాత్రం ప్రతి జనవరిలోనూ బడిలో తేలేది.

పెళ్ళి ఒక్కటే కాదు, ఊరిని కుదిపిన ప్రతిదీ బడిని ఖాళీ చేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన మీద బాంబులు వేశాయి. జనం ఊరొదిలి పల్లెలకి పోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకి తరలిపోయింది. ఆ తరం పిల్లల చదువు ఎక్కడ తెగిందో అక్కడే ఉండిపోయిన ఇళ్ళు ఎన్నో.

1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం విద్యార్థులు క్లాసులొదిలి వీధుల్లోకి వచ్చారు. నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. శ్రీమతి ఇందిరాగాంధీ 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. సంక్రాంతి వెళ్ళి వారమయినా కాలేదు. ఊరంతా సంబరపడింది, పడవలసిందే. కాని ఆ ఫ్యాక్టరీకి 60కి పైగా గ్రామాల భూములు పోయాయి. అగనంపూడి, దువ్వాడ, పెదగంట్యాడ వైపు నిర్వాసిత కాలనీలు వెలిశాయి. సంక్రాంతికి "మా ఊరు వెళ్తున్నాం" అనడానికి ఆ పిల్లలకి ఊరే లేకపోయింది. 1990లో వెలిగించిన మొదటి బ్లాస్ట్ ఫర్నేసుకి గోదావరి అని పేరు పెట్టారు. తరవాతవి కృష్ణ, అన్నపూర్ణ. కొలుములకి ఆడపేర్లు పెట్టుకున్న ఊరు మనది. బడి పట్టీలో ఆడపేర్లు కొట్టివేతకి గురవుతుంటే ఊరుకోవచ్చునా?

మంచీ జరిగింది. 2003లో మన రాష్ట్రపు సర్కారీ బళ్ళలో వండిన మధ్యాహ్న భోజనం మొదలైంది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంతో ఆరు నించి పద్నాలుగేళ్ళ దాకా చదువు పిల్లల హక్కయింది. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూతపడితే, మన చిన్న తరగతులవాళ్ళు మళ్ళీ గదిలో కూర్చున్నది 2021 సంక్రాంతి దాటాకే. చేతిలో ఫోను లేని పిల్లలు అన్నాళ్ళూ ఏమయ్యారో, పాఠం చెప్పేవాళ్ళకి తెలుసు.

మనకెందుకు ఇదంతా అనకండి. పండగ వెళ్ళాక మీ ఇంటి పనిమనిషి "వంట్లో బాలేదమ్మా" అని తన బదులు పన్నెండేళ్ళ కూతుర్ని పంపిస్తే, ఆ పిల్ల చేతికి అంట్లు అందించేముందు ఏ క్లాసని అడగండి. పద్నాలుగేళ్ళు నిండని పిల్లతో ఇంటిపని చేయించుకోవడం నేరం కూడాను. నాలుగు రోజులు గిన్నెలు మనమే తోముకుంటే అరిగిపోం. ఎక్కడైనా చిన్నపిల్లకి పెళ్ళి నిశ్చయమైందని తెలిస్తే 1098కి ఫోను చెయ్యొచ్చు, డబ్బు ఖర్చు కాదు. పదో తరగతికయితే జనవరి నించి పరీక్షలకి రెండు నెలల పైచిలుకే. ఆ కాస్తా దాటితే చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది. దాటకపోతే తొమ్మిదేళ్ళ చదువుకి కాగితం ముక్క ఉండదు.

బడిలో టీచరు ఎలాగూ పేర్లు పిలుస్తుంది. ఇంట్లో మీరొక పని చెయ్యండి. సాయంత్రం పిల్లలు రాగానే, "ఎన్ని మార్కులొచ్చాయి?" అని అడగడానికి ముందు ఇంకో మాటడగండి. "మీ క్లాసులో ఇంకా ఎవరు రాలేదే?"