పొర లేని మసక: మన్యం కొండల్లో దృష్టి పునరావాసం

ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలివాళ్ల చూపు తగ్గిందంటే మొదట వినిపించే మాట ‘పొర’. పొర కమ్మింది, పొర ముదిరింది, పొర తీయించాలి. శుక్లానికి వాడుక పేరు అదే. ఈ అలవాటుకు ఆధారం లేకపోలేదు. 2015–19 జాతీయ అంధత్వ సర్వే ప్రకారం, యాభై ఏళ్లు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి కారణం శుక్లమే. కానీ రెటీనా నడుమ ఉండే పచ్చచుక్క, అంటే మాక్యులా, వయసుతో క్షీణించినప్పుడు తీయడానికి అక్కడ పొరంటూ ఏమీ ఉండదు. పోయిన చూపు చాలావరకు తిరిగి రాదు. మిగిలిన చూపును వాడుకోవడం నేర్పడమే దృష్టి పునరావాసం. గుమ్మలక్ష్మీపురం వంటి కొండ మండలాల వైపు ఈ విద్య ఆలస్యంగా నడిచింది. కంటి వైద్యం చాలాకాలం ఆపరేషన్లనే లెక్కపెట్టుకోవడం అందుకు ఒక పెద్ద కారణం.

సన్నని గింజ, చిన్న అక్షరం, మనిషి ముఖం చూడటం పచ్చచుక్క పని. అది దెబ్బతింటే చూపు మధ్యలో మసక మచ్చ నిలుస్తుంది, చుట్టూ ఉన్నది మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. సంతలో చింతపండు అమ్మిన ముసలామె చేతిలో పడ్డ నోటు వందో రెండు వందలో పోల్చుకోలేదు. కాళ్ల పక్కనుంచి పరిగెత్తే కోడిపిల్లను మాత్రం తొక్కకుండా తప్పుకుంటుంది. చూసేవాళ్లకు ఇది నటనలా తోస్తుంది. కోడిపిల్ల కనపడింది గానీ కోడలు కనపడలేదా అన్న నిష్ఠూరం అక్కడే పుడుతుంది. పూర్తిగా చూపు పోయినవారి పట్ల ఉండే జాలి సగం చూపువాళ్లకు దక్కదు.

గుమ్మలక్ష్మీపురం పూర్వం కురుపాం జమీందారీ ఛాయలో ఉన్న ప్రాంతం. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడేదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. జనంలో జాతాపులు, సవరలు ఎక్కువ. ఈ కొండల్లో వైద్యం అంటే చాలాకాలం మన్యం జ్వరానికి, అంటే మలేరియాకు, మందే. సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి ఆ జ్వరం పాలై, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్న సంగతి తెలుగువారికి తెలిసిందే. క్వినైన్ మోతాదు మించితే చెవికే కాదు, రెటీనాకూ చేటు. చెముడు వచ్చాక కూడా గిడుగు సవర భాష పనిని ఆపలేదు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది.

కంటి లోపలికి చూసే ఆఫ్తాల్మోస్కోపును జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో తయారుచేశాక గానీ రెటీనా జబ్బులు వైద్యుల కళ్లబడలేదు. ముసలితనపు మాక్యులా క్షీణతను స్విట్జర్లాండ్ వైద్యుడు ఒట్టో హాబ్ 1885లో వర్ణించాడు. పేరు దొరికింది, మందు దొరకలేదు. మిగిలిన చూపుకు సాయపడే ప్రత్యేక క్లినిక్కులు 1953లో న్యూయార్కులో మొదలయ్యాయి. అప్పటిదాకా కళ్లున్నవాళ్లు, గుడ్డివాళ్లు అన్న రెండు గదులే ఉండేవి. మధ్యలో ఉన్నవారికి ‘లో విజన్’ అన్న మూడో గది అలా ఏర్పడింది. 1992లో బ్యాంకాక్ సంప్రదింపుల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి నిర్వచనం ఇచ్చింది. చికిత్స చేసి, అద్దాలు పెట్టాక కూడా చూపు 6/18 కంటే తక్కువగా ఉండి, ఆ చూపును ఏదో ఒక పనికి వాడుకునే వీలున్నవారంతా ఇందులోకి వస్తారు. ఎంత కనిపిస్తుంది అన్నదానితో పాటు దానితో ఏం చేయగలరు అని కూడా అడగడం ఇందులోని కొత్తదనం.

భారతదేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. శిబిరాలు, పచ్చ కళ్లజోళ్లు, శుక్లాల ఆపరేషన్లు దాని ముఖచిత్రం. 1994లో ప్రపంచబ్యాంకు అప్పుతో ఆంధ్రప్రదేశ్ సహా ఏడు రాష్ట్రాల్లో శుక్లాల పథకం నడిచింది. కోటి పది లక్షల ఆపరేషన్లు లక్ష్యంగా పెట్టుకుంటే కోటిన్నర దాటాయి. ఎందరి బతుకులో నిలబెట్టిన పని అది, తక్కువ చేయడానికి లేదు. అయితే లక్ష్యం ఆపరేషన్ల సంఖ్యే అయినచోట, ఆపరేషన్ అక్కరలేని కన్ను లెక్కకు రాదు. శిబిరానికి నడిచి వచ్చిన ముసలివాడికి పొర లేదని తేలితే, ‘వయసు’ అన్న ఒక్క మాటతో తిరుగుదారి పట్టాల్సి వచ్చేది.

ఈ పద్ధతి మారడానికి తెలుగునాట దోహదం చేసింది జనంలోకి వెళ్లి తీసిన లెక్క. సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ విరాళంతో, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నాయకత్వంలో 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం చేసింది. హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతం, లో విజన్ 1.05 శాతం అని తేలింది. లో విజన్ కారణాల్లో మొదటి స్థానం రెటీనా జబ్బులది, 35.2 శాతం. నలభై దాటినవారిలో 2.71 శాతానికి మాక్యులా క్షీణత ఉంది. ఇది తెల్లవాళ్ల జబ్బన్న అపోహ దాంతో పోవాల్సింది.

ఆ లెక్కలోనే ఉత్తరాంధ్రకు గట్టిగా తగిలే మాట ఒకటుంది. చుట్టలు ఎక్కువగా తాగేవారిలో ఈ జబ్బు అవకాశం మూడు రెట్లకు పైగా కనిపించింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టి తాగే అడ్డపొగ ఆడవాళ్లలోనూ పాత అలవాటు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో అచ్చువేసిన ప్రసిద్ధ అధ్యయనం అంగిలి మీది పుండ్లను చూసింది. కంటి జోలికి పోలేదు. నేత్రవ్యాధుల అధ్యయనంలో చూస్తే ఉత్తరాంధ్ర జిల్లా ఒక్కటీ లేదు. చుట్ట, కన్ను ఒకచోట కలిసే ప్రాంతం రెండు లెక్కల నడుమ జారిపోయింది.

ఎల్.వి.ప్రసాద్ సంస్థే పల్లె కంటి వైద్యానికి ఒక మెట్ల వరస వేసింది. యాభై వేల మందికి ఒక దృష్టి కేంద్రం, ఐదు లక్షలకు ఒక ఆపరేషన్ కేంద్రం, ఆ పైన పెద్దాసుపత్రులు. ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో 1996లో తొలి గ్రామీణ కేంద్రం వెలిసింది. తర్వాత విశాఖలోనూ, కొండలకు అవతల ఒడిశాలోని రాయగడలోనూ కేంద్రాలు వచ్చాయి. రాయగడ జిల్లాలో గిరిజనుల కంటి జబ్బుల మీద విడిగా అధ్యయనం కూడా సాగింది. అయితే జనాభా లెక్కన వేసిన ఈ మెట్ల కొలత మైదానానికి సరిపోయినట్టు కొండకు సరిపోదు. పది గడపల గూడేలు విసిరేసినట్టున్నచోట యాభై వేలమంది అంటే ఎన్ని గట్లు దిగి ఎక్కాలో కాగితం మీద కనిపించదు.

పునరావాసంలో జరిగే పని చూడటానికి చిన్నది. మొదటిది పక్కచూపు సాధన. వస్తువును సూటిగా చూస్తే మచ్చ అడ్డొస్తుంది గనక, చూపును కాస్త పైకో పక్కకో తిప్పి, బాగున్న రెటీనా మీద బొమ్మ పడేలా అలవాటు చేస్తారు. చేటలో చోళ్లు చెరిగే మనిషి రాయిని చూడాలంటే రాయి వైపు కాక చేట అంచు వైపు చూడాలి. వింతగా ఉన్నా కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. రెండోది భూతద్దం. అది బొమ్మను పెద్దది చేసి మచ్చ బయటికి పరుస్తుంది. శక్తి పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. 10 డయాప్టర్ల కటకానికి నాభ్యంతరం 10 సెంటీమీటర్లు, 20 డయాప్టర్లదానికి ఐదే. ఈ సంగతి చెప్పకుండా చేతిలో పెట్టిన భూతద్దం వారం తిరక్కుండా గూట్లోకి చేరుతుంది.

మూడోది వెలుతురు, రంగుల తేడా. తెల్ల పళ్లెంలో తెల్లన్నం కనిపించదు, ముదురు రంగు పళ్లెంలో కనిపిస్తుంది. మెట్టు అంచున సున్నం గీత గీస్తే కాలు తడబడదు. ఎర్రమట్టి గోడ మీద వరిపిండి తెలుపుతో బొమ్మలు వేసే సవరలకు ఈ సూత్రం కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

నాలుగోది ఇంటివాళ్లకు చెప్పాల్సిన మాట. చూపు తగ్గినవారిలో కొందరికి లేని మనుషులు, పక్షులు, తీగలు కనిపిస్తాయి. జెనీవాకు చెందిన చార్లెస్ బానే 1760లో తన తాతకు ఇలా జరిగిందని రాశాడు. ఇది పిచ్చి కాదు, దయ్యమూ కాదు. రెటీనా నుంచి కబురు తగ్గినప్పుడు మెదడు తానే బొమ్మలు గీసుకోవడం. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే భూతవైద్యుడి ఖర్చు తప్పుతుంది.

2005 తర్వాత కంటిలోకి ఇచ్చే ఇంజెక్షన్లు వచ్చి, రక్తనాళాలు కారే ‘తడి’ రకం క్షీణతను నిలువరించగలిగాయి. అయితే ఒక్కసారితో అయ్యేది కాదు, నెలల తరబడి నగరానికి తిరగాలి. 2017లో కేంద్రం అంధత్వ హద్దును 6/60 నుంచి 3/60కి మార్చి, కార్యక్రమం పేరులో ‘దృష్టిలోపం’ అన్న మాట చేర్చింది. 2018లో రాష్ట్రంలోని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో రెటీనా ఫొటో తీసి దూరాన ఉన్న వైద్యుడికి పంపే ఈ–ఐ కేంద్రాలు వచ్చాయి. 2019 అక్టోబరు 10న మొదలైన రాష్ట్ర ప్రభుత్వ పథకం ‘కంటి వెలుగు’ బడిపిల్లల తర్వాత అవ్వాతాతల వంతు తీసుకుంది. పరీక్ష, కళ్లజోడు, ఆపరేషన్‌కు పంపడం వీటిలో ప్రధానం.

లో విజన్ ఉన్నవారికి ప్రభుత్వం నుంచి నేరుగా అందేది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. వైకల్యం 40 శాతం ఉందని తేలితే పెన్షన్‌కు దారి పడుతుంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000 రూపాయలు, దివ్యాంగుల పెన్షన్ 6,000. ఆ రెండు వేల తేడాలో సాదా భూతద్దం ఒకటి కొనుక్కోవచ్చు. దాన్ని కంటికి ఎంత దూరంలో పట్టుకోవాలో నేర్పే శిక్షకులు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా నగరాల ఆసుపత్రుల్లోనే ఉన్నారు.