మూడు రోజుల బాలి

బాలి ద్వీపానికి నాలుగైదు రోజుల విహారం తలపెట్టినవారి ప్రణాళికలు ఒకదాన్ని చూసి ఒకటి రాసినట్టుంటాయి. ఒక పూట గుడి, ఒక సాయంత్రం నాట్యం, కొండవాలు వరిమళ్ల మీదుగా కారులో ప్రయాణం, ఉబుద్ ఊళ్లో యోగా, ఒళ్లు పట్టించుకోవడం, పుణ్యతీర్థంలో స్నానం. ఈ వరుస ఒక్కరోజులో ఏర్పడింది కాదు. సగం భాగం నూరేళ్ల కిందట ఒక ఓడల కంపెనీ టైంటేబుల్‌ను బట్టి కుదిరింది. మిగతా సగం, అంటే ఆరోగ్యం పేరిట జరిగేదంతా, వ్యాపారంగా చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. దాని మూలాలు మాత్రం నాట్య ప్రదర్శనల కంటే ఎన్నో వందల ఏళ్లు పాతవి.

ఉత్తర బాలి 1849 నాటికే డచ్చివారి చేతికి చిక్కింది. దక్షిణాది రాజ్యాలు మరో అర్ధశతాబ్దం నిలిచాయి. 1906 సెప్టెంబర్ 20న బదుంగ్ రాజు తెల్లబట్టలు కట్టి, కుటుంబంతో, పరివారంతో దెన్‌పసార్ వీధిలోకి వచ్చి డచ్చి తుపాకులకు ఎదురు నడిచాడు. లొంగిపోవడం కంటే చావే మేలనుకున్న ఆ సామూహిక మరణాన్ని బాలి ప్రజలు పుపుతాన్ అంటారు. 1908లో క్లుంగ్‌కుంగ్‌లోనూ అదే జరిగింది. యూరప్‌లో వార్త పొక్కి డచ్చి ప్రభుత్వానికి తలవంపులు తెచ్చింది. ఆ తర్వాత పాలకులు బాలి సంస్కృతికి సంరక్షకుల వేషం కట్టారు. ద్వీపాన్ని సజీవ ప్రదర్శనశాలగా ఉంచాలన్నది వారి విధానమైంది. రాజులను తుపాకులతో కూల్చినవారే రాజనర్తనశాలలు చెక్కుచెదరకూడదని పట్టుబట్టడం వలస చరిత్రలో అరుదైన వింతేమీ కాదు గాని, బాలిలో అది ఆదాయ మార్గం కూడా అయింది. 1914 నాటికే ద్వీపాన్ని వర్ణించే పర్యాటక కరపత్రాలు అచ్చయ్యాయి.

డచ్చి నౌకాయాన సంస్థ కె.పి.ఎం. ఓడలు అప్పటికే బాలి నుంచి పందులను, కొబ్బరిని, కాఫీని మోసుకెళ్లేవి. 1924లో ఆ సంస్థ జావా నుంచి ఉత్తర తీరంలోని బులెలెంగ్ రేవుకు వారం వారం ప్రయాణికుల ఓడ నడపడం మొదలుపెట్టింది. ఆ ఏడు వచ్చినవారు కొన్ని వందలకు మించలేదు. ఓడ దిగినవారిని కార్లలో కింతమణి కొండ మీదుగా, బతుర్ అగ్నిపర్వతాన్నీ సరస్సునూ చూపిస్తూ దక్షిణాదికి దించేవారు. బస మొదట్లో ప్రభుత్వ అధికారుల విశ్రాంతి గృహాల్లో. 1928లో కంపెనీయే దెన్‌పసార్‌లో బాలి హోటల్ తెరిచింది. రెండు దశాబ్దాల ముందు పుపుతాన్ జరిగిన ఊరు అదే. తిరుగు ఓడ అందుకోవాలి కాబట్టి చాలామందికి చిక్కేది మూడు రోజులే.

ఆ మూడు రోజుల కొలతకు కళలు కూడా ఒదిగాయి. గుడి ఉత్సవంలో రాత్రంతా సాగే నాట్యం హోటల్ ప్రాంగణంలో గంటకు కుదించుకుంది. ఉత్సవం ఎప్పుడొస్తే అప్పుడు ఆడే బృందాలు ఓడ ఎప్పుడొస్తుందో తెలుసుకుని ఆడసాగాయి. ఇప్పుడు బాలికి గుర్తుగా చెలామణీ అయ్యే కెచక్ ఈ ఇరుకులోంచే పుట్టింది. పూనకపు క్రతువు సంఘ్యాంగ్‌లో మగవారు చుట్టూ కూర్చుని చేసే నోటి తాళం దానికి మూలం. 1930లలో బెదులు గ్రామ నర్తకుడు వయాన్ లింబక్, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పీస్ కలిసి దానికి రామాయణ కథ జోడించి చూపరుల కోసం తీర్చారు. అనాదిగా వస్తున్నదని గైడ్లు చెప్పే కెచక్ వయసు ఇంకా నూరేళ్లు నిండలేదు. అంతమాత్రాన దాన్ని నకిలీ అనడం పొరపాటు. దాన్ని కల్పించిన వాడు ఆ నేలమీద పుట్టిన నర్తకుడు, అందులో వినబడే తాళం ఆ ఊరి క్రతువుది.

స్పీస్ 1927లో ఉబుద్ రాజకుటుంబీకుడు చొకోర్ద గెదె రాక సుకావతి పిలుపు మీద వచ్చి, ఊరి చివర చంపుహన్‌లో రెండు ఏరులు కలిసే లోయ పక్కన ఇల్లు కట్టుకున్నాడు. సుకావతి దూరదృష్టి ఇక్కడ గుర్తించదగ్గది. కంపెనీ దారిలో లేని తన ఊరికి అతిథులను రప్పించుకున్నాడు. 1931 పారిస్ వలసరాజ్యాల ప్రదర్శనకు పెలియతాన్ గ్రామ నర్తకులను తీసుకెళ్లాడు. 1936లో స్పీస్, డచ్చి చిత్రకారుడు రుడాల్ఫ్ బొన్నెట్, స్థానిక కళాకారుడు ఇ గుస్తి న్యోమన్ లెంపద్, సుకావతి కుటుంబం కలిసి పిత మహా అనే కళాకారుల సంఘం పెట్టారు. అంతకుముందు గుడుల కోసం పెద్ద గుడ్డల మీద పురాణ కథలు గీసిన చేతులు, ప్రయాణికుడి పెట్టెలో పట్టే కాగితం మీద సంతనూ పొలాన్నీ గీయడం మొదలుపెట్టాయి. సరుకు నాణ్యత పడిపోకుండా చూడటమే ఆ సంఘం ముఖ్యమైన పని. స్పీస్ ఉబుద్ వచ్చిన 1927లోనే రవీంద్రనాథ ఠాగూర్ భాషావేత్త సునీతికుమార్ ఛటర్జీతో కలిసి బాలి పర్యటించాడు. భారతీయులకు ఆ ద్వీపం మీద కలిగిన ఆధునిక ఆసక్తికి ఆ యాత్ర ఒక మొదలు.

దక్షిణాన బాలి హోటల్ తెరిచిన 1928లోనే ఉత్తరాన సింగరాజలో గెదొంగ్ కీర్త్య అనే తాళపత్ర గ్రంథాలయం వెలిసింది. పర్యాటకులు ఓడ దిగేది దానికి దగ్గరలోనే అయినా వారి ప్రణాళికలో దానికి చోటు లేదు. అక్కడ చేరిన గ్రంథాల్లో ఉసద అనే వైద్యగ్రంథాలు ఎన్నో. వాటిలో తరు ప్రమాణ అనేది చెట్ల వాంగ్మూలంగా సాగుతుంది. ఒక్కో చెట్టూ ఋషి ముందుకొచ్చి తన వేరు, ఆకు, పాలు దేనికి మందో, తన గుణం వేడో చలవో చెప్పుకుంటుంది. ఈ గ్రంథాలు చదివి వైద్యం చేసేవాడు బలియాన్ ఉసద. చదువు లేకుండా దైవానుగ్రహంతో చేసేవారు, ఎముకలు సరిచేసేవారు, మంత్రసానులు కూడా బలియాన్‌లే. మళ్ల నీళ్లలో నానిన రైతు ఒంటికి రాసుకునే బోరెహ్ అనే పసరు ముద్దలో బియ్యం, అల్లం, లవంగం, జాజికాయ వంటివి నూరి కలుపుతారు. నలుగుపిండిలా ఒంటికి పట్టించి ఆరాక రాల్చేస్తారు. అది ఒంట్లో వేడి పుట్టించడానికి వాడే మందు. మెరుపు కోసం కాదు.

నీటి సంగతి ఇంకా పాతది. తంపక్‌సిరింగ్ వద్ద తీర్త ఎంపుల్ ఊట 10వ శతాబ్దపు శాసనంలోనే కనిపిస్తుంది. బెదులు దగ్గరి గోవా గజ గుహ ముందున్న స్నానకుండాలు మాత్రం మట్టి కింద ఉండిపోయి 1954లో బయటపడ్డాయి. ఊటనీటి ధారల కింద తలవంచి చేసే శుద్ధిస్నానాన్ని మెలుకత్ అంటారు. తీర్త ఎంపుల్‌లో అన్ని ధారలూ అందరికీ కావు. అపరకర్మల కోసం కేటాయించిన ధారల కింద బతికున్నవారు తల పెట్టరు.

రెండో ప్రపంచయుద్ధం ఓడల కాలపు ఆ మొదటి పర్యాటక దశను తుంచేసింది. డచ్చివారు నిర్బంధించిన స్పీస్, 1942 జనవరిలో జపాన్ బాంబులకు మునిగిన ఓడలో చనిపోయాడు. 1963లో అగుంగ్ పర్వతం పేలింది. 1965–66లో రాజకీయ హత్యాకాండ ద్వీపాన్ని ఊచకోత కోసింది. ఆ రక్తం ఆరకముందే, 1966లో, జపాన్ యుద్ధ నష్టపరిహారంతో సానుర్ తీరాన బాలి బీచ్ హోటల్ తెరుచుకుంది. 1969లో ఙురా రాయ్ విమానాశ్రయంలో అంతర్జాతీయ విమానాలు దిగాయి. 1971లో ఫ్రెంచి నిపుణులు గీసిన ప్రణాళిక ప్రకారం పెద్ద హోటళ్లు తీరప్రాంతమైన నూస దువాలో ఉండాలి, పర్యాటకులు పగలు లోపలి ఊళ్లు చూసి సాయంత్రానికి తీరానికి తిరిగి రావాలి. ఇది పాత మూడు రోజుల ప్రణాళికకు కొత్త రూపం. అదే ఏడు పండితులు, పూజారులు, కళాకారులు దెన్‌పసార్‌లో సమావేశమై నాట్యాలను మూడుగా విడదీశారు: గుడి లోపలి ప్రాంగణంలో క్రతువుకు వలి, క్రతువుకు తోడుగా బెబలి, వినోదానికి బలిహ్-బలిహన్. అతిథి ఏది డబ్బిచ్చి చూడవచ్చో, ఏది చూడకూడదో గీత గీయడం ఆ వర్గీకరణ ఉద్దేశం. అమలులో గీత చాలాసార్లు చెరిగింది. అయినా అలాంటి గీత గీసుకోవాలని ఆలోచించిన పర్యాటక ప్రాంతాలు తక్కువ.

ఉబుద్ మాత్రం ఆ ప్రణాళికకు లొంగలేదు. 1970ల మధ్యదాకా కరెంటు లేని ఆ ఊళ్లో, ఇళ్ల పెరట్లోనే గదులు కట్టి అద్దెకిచ్చే పద్ధతి పెరిగింది. 1989లో ఆయుంగ్ లోయ అంచున అమందరి రిసార్ట్ తెరిచాక ఖరీదైన విశ్రాంతి ఆ ఊరికి వచ్చింది. స్పాల జోరు ఆ తర్వాతిదే. వాటిలో బోరెహ్ పక్కనే జావా అంతఃపురాల లులుర్, భారతీయ ఆయుర్వేదం, థాయ్ మర్దన ఒకే పట్టికలోకి చేరాయి. 2002 అక్టోబర్ 12న కుతాలో జరిగిన బాంబు దాడిలో 202 మంది చనిపోయి పర్యాటకం కుప్పకూలింది. 2006లో వచ్చిన ఎలిజబెత్ గిల్బర్ట్ స్వీయకథ ‘ఈట్ ప్రే లవ్’, 2010లో దాని మీద తీసిన సినిమా ఉబుద్‌ను మనసు బాగుచేసుకునే ఊరిగా ప్రపంచానికి పరిచయం చేశాయి. 2007లో యోగా బార్న్ కేంద్రం మొదలైంది. బలియాన్ దగ్గరికి అంతకుముందు ఊరివాళ్లు జబ్బుతో, దిష్టితో, తగాదాతో వెళ్లేవారు. పుస్తకం, సినిమా వచ్చాక విదేశీయులు చెయ్యి చూపించుకుని భవిష్యత్తు అడగడానికి వరుస కట్టారు. వైద్యంలో ఎక్కువ మారింది మందు కాదు, రోగి.

స్వల్పకాల యాత్ర వేసుకునేవారిని ఇప్పుడు ఓడ టైంటేబుల్ కంటే బాలి పంచాంగం ఎక్కువ కట్టడి చేస్తుంది. గుడి ఉత్సవాల్లో అధికభాగం 210 రోజుల పవుకోన్ చక్రాన్ని అనుసరిస్తాయి కాబట్టి ఇంగ్లిషు తేదీలతో పొంతన కుదరదు. గలుంగన్ పండుగ ఒక్కో ఏడు రెండుసార్లు కూడా వస్తుంది. న్యెపి మాత్రం శక సంవత్సరాది. తెలుగువారి ఉగాది లెక్కా అదే శకానిది. అధికమాస గణనలో తేడాల వల్ల రెండూ ఒక్కోసారి నెల ఎడం పడతాయి, ఒక్కోసారి కలుస్తాయి. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి. న్యెపి రోజున నిప్పు, పని, ప్రయాణం, వినోదం నిషిద్ధం. విమానాశ్రయం 24 గంటలు మూసేస్తారు, అతిథులు హోటల్ దాటి రాకూడదు. ఉగాది సెలవుల్లో బాలికి టికెట్టు కొనే తెలుగువారు ముందు చూసుకోవలసింది ఇదే. 2024 ఫిబ్రవరి 14 నుంచి ప్రతి విదేశీ యాత్రికుడూ 1,50,000 ఇండోనేషియా రుపియాల స్థానిక రుసుము కట్టాలి. సంస్కృతి, పర్యావరణ రక్షణకు ఆ సొమ్మని ప్రభుత్వం ప్రకటించింది.