కుక్కపిల్లలకు నట్టల మందు, టీకాలు: ఏ వయసులో ఏది?

ఏలికపాములు కుక్కపిల్లకు తల్లి గర్భంలోనే సోకుతాయి. కొంకిపురుగులు పాల ద్వారా చేరతాయి. అందుకే టీకాలకన్నా ముందే నట్టల మందు మొదలుపెట్టాలి.

నట్టల మందు: పుట్టిన 2 వారాలకు మొదటిసారి. 8 వారాలు నిండేవరకు 2 వారాలకోసారి, 6 నెలల వరకు నెలకోసారి, ఆపై 3 నెలలకోసారి. మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక తూకం వేశాకే తాగించాలి. తల్లికీ మందు ఇవ్వాలి. ఈ పురుగుల గుడ్లు మట్టిలో నిలిచి, ఆడుకునే పసివాళ్లకూ సోకుతాయి. పెరట్లో మలం రోజూ ఎత్తేయాలి.

టీకాలు: పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్‌లను అడ్డుకునే టీకా 6–8 వారాల వయసులో మొదలవుతుంది. 16 వారాలు నిండేవరకు 3–4 వారాలకోసారి మళ్లీ వేయించాలి. ఒక్కటి చాలదా? ముర్రుపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది.

రేబిస్ టీకా 3 నెలలు నిండాక. ఏడాదికి బూస్టర్, తరువాత ఏటా.

టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను వీధికుక్కలు తిరిగేచోట వదలొద్దు. జ్వరం, విరేచనాలు ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. వాంతులు, నెత్తుటి విరేచనాలు కనిపిస్తే పార్వో కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కుక్కపిల్లే కదా అని కాటును తేలిగ్గా తీసుకోవద్దు. గాయాన్ని సబ్బుతో, పారే నీటికింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టీకా కార్డు దాచుకోండి. చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో కుక్క లైసెన్సుకు రేబిస్ టీకా ఆధారం చూపాలి.